అత్తారింటి పండగ భోజనంలో క్యాలరీల లెక్క ఎలా రాసుకోవాలి?

సంక్రాంతి మూడు రోజులూ యాప్‌లో "అరిసె 1, గారెలు 2, అన్నం ఒక కప్పు" అని కొట్టేసి, అంతా పద్ధతిగా రాశామనుకునేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కలో అసలు సరుకే ఉండదు. పప్పన్నంలో కరిగిపోయిన నెయ్యి, చేపల పులుసు మీద తేలిన నూనె, మామగారు "రవ్వంతేలే" అంటూ మళ్లీ వేసిన అన్నం, ఏవీ ఎక్కవు. రాసింది 1,800 అయితే తిన్నది 2,800 ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. పండగైపోయాక "రాసుకుంటూనే ఉన్నా బరువు పెరిగింది, ఈ లెక్కలన్నీ వట్టివే" అనేది కూడా వీళ్లే.

కింది పద్ధతి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని అత్తారింటికి పండక్కి వెళ్లే అల్లుళ్లకీ కోడళ్లకీ సరిపోయేట్టు రాసింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గర్భిణులు తమ డాక్టరు చెప్పిందే పాటించాలి. తిండి లెక్క రాయడం మొదలుపెడితే మనసు పాడయ్యేవాళ్లు దీని జోలికి రాకపోవడం మేలు.

బయల్దేరే ముందు

గ్రాము వరకు చూపించే వంటింటి కాటా ఒకటి కావాలి. అది మీ ఇంట్లోనే ఉండాలి. అత్తారింటికి మోసుకెళ్లి విస్తరి పక్కన పెట్టుకున్నారంటే, పదేళ్ల తర్వాత కూడా ప్రతి పెళ్లిలో మీ కాటా గురించే మాట్లాడుకుంటారు.

వారం ముందు మూడు తూకాలు చూసి కంటికి పట్టించుకోండి. మూడు నాలుగు ముద్దలకు సరిపోయే చిన్న అన్నం కుప్ప 75 గ్రాములు, అంటే సుమారు 100 క్యాలరీలు. చిన్న చెంచాడు కరిగిన నెయ్యి 5 మి.లీ., 40 క్యాలరీలు. పెద్ద చెంచాడు నూనె 15 మి.లీ., 120 క్యాలరీలు. మిగతావన్నీ ఈ మూడింటి మీదే నడుస్తాయి.

పండగ మూడు రోజులూ బరువు తగ్గే లెక్క పెట్టుకోకండి. మీ బరువు నిలకడగా ఉండడానికి రోజుకెంత కావాలో అంతే పెట్టుకోండి. పొద్దున పస్తుండి మధ్యాహ్నం ఒక్కసారే లాగిద్దాం అనుకునేవాళ్లు రెండో బొబ్బట్టు దగ్గరే లెక్క మర్చిపోతారు. రెండు ఇడ్లీలు, చట్నీ తినే కూర్చోవాలి. నెయ్యి కారం దోశ పెడితే ఒక్కటి తిని 250 రాసుకోండి.

గిన్నె మొత్తం లెక్క కట్టడం

పిండివంటలకు యాప్‌లో దొరికే అంకెలు వాడకండి. ఎవరో ఎక్కడో వండిన అరిసె బరువెంతో, దాన్ని నొక్కారో లేదో మీకు తెలీదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో బియ్యం, పప్పులు, బెల్లం లాంటి పచ్చి సరుకుల అంకెలు నమ్మకంగా దొరుకుతాయి. అవి కిలోజౌళ్లలో (శక్తికి ఇంకో కొలమానం) ఉంటాయి కాబట్టి క్యాలరీలు రావాలంటే 4.184తో భాగించుకోవాలి. అందుకే సరుకుల్లోంచి లెక్క కట్టి, వచ్చిన వాటి సంఖ్యతో భాగించడమే సరైన దారి.

దీనికి అత్తగారిని "నూనె ఎంత పోశారు?" అని అడక్కూడదు. అది తప్పు పట్టినట్టుంటుంది. "ఈసారి ఎన్ని కేజీలకి పోశావత్తా? ఎన్ని అరిసెలు దిగాయి?" అని అడగండి. అరిసెలు లెక్కపెట్టకుండా డబ్బాలో సర్దే ఇల్లు ఉండదు. జవాబుతో పాటు పాకం ఎలా కుదిరిందో కూడా చెప్తారు.

ఉదాహరణకి రెండు కేజీల బియ్యం, కేజీన్నరకి కాస్త తక్కువగా, అంటే 1,400 గ్రాముల బెల్లం, వంద గ్రాముల నువ్వులు అనుకుందాం. బియ్యానికి 7,100, బెల్లానికి 4,970, నువ్వులకి 550. బియ్యం బరువు నానబెట్టక ముందుది తీసుకోవాలి. తడిపిండి తూచితే నీళ్ల బరువు కూడా కలిసి లెక్క చెడిపోతుంది. ఇక నూనె. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది. రెండు ప్యాకెట్లు పోసి, చివరికి బాండ్లిలో మిగిలింది లీటరున్నర పైన, 1,600 మి.లీ. ఉందంటే, అరిసెలు తాగింది 400 మి.లీ. అది 364 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున 3,276. అంతా కలిపితే 15,896. తొంభై అరిసెలు దిగితే ఒక్కోటి 177.

మిగిలిన నూనె చూడాల్సింది అన్నీ దింపాక. చెక్కల మధ్య నొక్కినప్పుడు కారిన నూనె కూడా మళ్లీ బాండ్లిలో పడ్డాకే చూడాలి. ముందే చూస్తే అరిసె మీద లేని నూనె వేసినట్టవుతుంది. నొక్కకుండా జల్లెడలో పడేసి వదిలేసే ఇళ్లల్లో ఒక్కోదానికి ఇంకో 20 వేసుకోండి.

సోల, గిద్దె, తవ్వ లెక్కల్లో చెప్తే ఇంటర్నెట్టులో వాటి కొలత వెతక్కండి. ఆ ఇంటి సోల ఆ ఇంటిదే. దాంతో బియ్యం ఒకసారి కొలిచి, వీధి చివర కిరాణా కొట్లో తూయించి రాసి పెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

గారె ఒక్కోటి 140, బొబ్బట్టు పైన వేసే నెయ్యి కాకుండా 200 అని రాసుకుంటే పెద్దగా తేడా రాదు. పాయసం చిన్న గ్లాసుకి 200. వీటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఎందుకంటే ఇవి కంటికి కనపడతాయి, చేత్తో లెక్కపెట్టొచ్చు.

అసలు చిక్కు: కనపడని కొవ్వు

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ముందు చేపల పులుసు. నెల్లూరు వైపు ముందురోజు వండి, మామిడికాయ ముక్కలు పులుసులో ఊరాక మర్నాడు వడ్డిస్తారు. రాత్రంతా కదలకుండా ఉంటే నూనె మొత్తం పైకి చేరి పొరలా తేలుతుంది. కేజీ కొరమీనుకి 150 మి.లీ. నూనె పోశారనుకుంటే అందులో 1,200 పైన క్యాలరీలున్నాయి. అవి గిన్నె అంతా సమానంగా లేవు, పైనే ఉన్నాయి. పండగపూట మొదటి గరిటె ఎవరికి? అల్లుడికి. మర్యాద పేరుతో ఆ నూనెలో పెద్ద వాటా ఆయన విస్తట్లోకి వస్తుంది. రెండో బంతిలో కూర్చున్న బావమరిది అదే పులుసు, అదే గరిటెతో, నాలుగో వంతు కొవ్వుతో తింటాడు.

గరిటె పెట్టి కలపమని చెప్పకండి, ముక్క చితుకుతుంది, ఆ ఇంట్లో మళ్లీ మీకు మాట ఉండదు. గిన్నెని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ఆ పని మీ భార్యో భర్తో వంటింట్లోనే చేసి తేవాలి. ఇది ఇంటి దగ్గరే మాట్లాడుకోవాల్సిన సంగతి, భోజనాల దగ్గర సైగలు చేసేది కాదు. అప్పుడు కూడా వేడి పులుసులోనే నూనె కలుస్తుంది, చల్లారిందైతే తిప్పిన నిమిషానికే మళ్లీ తేలుతుంది. అలా కుదరకపోతే మొదటి గరిటెకి రెండు పెద్ద చెంచాల నూనె, అంటే 240 రాసుకోండి. తర్వాతి గరిటెలకి 60 చాలు. చేప ముక్క మాత్రం వంద గ్రాములకి సుమారు 100. రొయ్యలు కూడా అంతే. రొయ్యల వేపుడు తిని రొయ్యని తిట్టుకోవడం అన్యాయం, నేరమంతా బాండ్లిది. నాటుకోడి పులుసుక్కూడా ఇదే లెక్క.

ఇక నెయ్యి. ఇది పప్పన్నంలో ఒకసారి, పచ్చడి అన్నంలో ఒకసారి, బొబ్బట్టు మీద ఒకసారి, కారప్పొడి ఉంటే ఇంకోసారి వస్తుంది. చెయ్యి అడ్డం పెడితే ఆగదు. "వద్దు" అన్నకొద్దీ బిడియపడుతున్నారనే అనుకుంటారు. చెయ్యి పక్కకి నెట్టి పోసేటప్పుడు పడేది చెంచాడు కాదు, ధార.

చేయాల్సింది ఇది. అన్నం పడగానే, ఎవరూ అడక్కముందే, "నెయ్యి గిన్నె ఇటివ్వత్తా" అని మీరే అడగండి. నెయ్యి అడిగినవాణ్ణి డైటింగ్ చేస్తున్నాడని ఎవరూ అనుమానించరు. మీ చేత్తో ఒక చిన్న చెంచా వేసుకుని, వెంటనే కలిపేయండి. కలిపిన అన్నం మీద మళ్లీ పోయడానికి ఎవరికైనా చెయ్యి రాదు. అన్నం మధ్యలో గుంట చేసి మాత్రం పెట్టొద్దు. గుంట నిండేదాకా పోయడం వడ్డించేవాళ్ల అలవాటు, ఆ గుంటలో ముప్పై మి.లీ. సులువుగా పడుతుంది. ముప్పై అంటే 240.

జనవరి పొద్దుటి పూట నెయ్యి పేరుకుని ఉంటుంది. పేరిన నెయ్యి చెంచాతో తీస్తే గోపురంలా లేస్తుంది. అది ఒక చెంచా కింద రాయకండి, రెండు. కరిగించి తెమ్మనడమే మంచిది, వాసన కూడా బాగుంటుంది. కరిగిన నెయ్యి తప్ప ఇంకోటి అన్నంలో వేసుకోకూడదనేదే సరైన పద్ధతి.

లెక్క ఎడమచేతి వేళ్ల మీద

విస్తరి ముందు ఫోను తీయకండి. ఫొటో తీస్తే క్యాలరీలు చెప్పే యాప్‌లు వచ్చాయి, వాటికి అన్నం కింద ఉన్న నెయ్యి కనపడదు. ఎడమచెయ్యి ఊరికే ఉంటుంది, దాన్ని వాడండి. వేలికి మూడు కణుపులు. చూపుడు వేలు అన్నం కుప్పలకి, నడిమి వేలు నెయ్యి చెంచాలకి, ఉంగరపు వేలు పులుసు, వేపుడు గరిటెలకి, చిటికెన వేలు తీపికి. వడ్డించినప్పుడల్లా బొటనవేలు ఒక కణుపు పైకి జరుపుతూ పొండి. ఏ వేలు నిండితే ఆ రకం చాలన్నమాట. అన్నానికి మాత్రం పెరుగుతో కలిపి నాలుగు కుప్పలు కావాలి కాబట్టి వేలి కొసని కూడా లెక్కలోకి తీసుకోండి.

చెయ్యి కడుక్కోగానే రాసెయ్యండి. మామగారితో కబుర్లలో పడి సాయంత్రం రాద్దామనుకుంటే రెండు కుప్పలు మాయమవుతాయి, ఎప్పుడూ తగ్గేవే గానీ పెరిగేవి ఉండవు. నాలుగు కుప్పల అన్నం 400, మూడు చెంచాల నెయ్యి 120, తిప్పి తెచ్చిన పులుసు రెండు గరిటెలు ముక్కతో కలిపి 250, పప్పు, కూర 200, బొబ్బట్టు 200, పెరుగు 60. కనుమ భోజనం 1,230. ఇంత కడుపునిండా తిని కూడా రోజు లెక్కలో సర్దుకోవచ్చు, రాత్రికి తేలిగ్గా తింటే.

మారు వడ్డనకి ఒకే జవాబు: "పెరుగులోకి పెట్టించుకుంటా అత్తా." అప్పుడు ఒప్పుకున్నట్టే ఉంటుంది, కుప్ప కూడా పెరగదు. "వద్దు, డైట్‌లో ఉన్నా" అన్నారంటే ఆ పూటంతా మీ డైట్ మీద చర్చే.

కోడళ్లకి ఇంకో రకం ఇబ్బంది. చివరి బంతిలో కూర్చుంటారు కాబట్టి పులుసు మీది నూనె, నెయ్యి ధార తక్కువే. కానీ పొయ్యి దగ్గర నిలబడి ఉప్పు చూడ్డానికి అర గారె, విరిగిందని ఒక అరిసె, గిన్నె ఖాళీ చేయడానికి చివరి గరిటె కూర, ఇలా భోజనానికి ముందే 400 దాటుతుంది. వంటింట్లో తిన్నదానికి ఎడమచేతి కొంగు చివర ముడి వేసుకోండి, ముక్కకో ముడి. డ్రెస్సులో ఉంటే ఫ్రిజ్ మీద సుద్దముక్కతో గీత పెట్టండి, పిల్లలు పెట్టారనుకుంటారు.

తిరుగు ప్రయాణం

పండగ మర్నాడు బరువు చూసుకోకండి. ఉప్పు, బియ్యం ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, కేజీ రెండు కేజీలు ఎక్కువ చూపిస్తుంది. ఒక కేజీ కొవ్వు చేరాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఎక్కువ తినాలి, మూడు రోజుల్లో అంత తినడం చాలామందివల్ల కాదు. ఐదో రోజు పొద్దున చూడండి.

నిజంగా బరువు పెంచేది కారు డిక్కీలో వచ్చే స్టీలు డబ్బాలు. అరిసెల డబ్బా, చక్రాల డబ్బా, దారిలో నెల్లూరులో కొన్న మలై కాజా, ఒంగోలు మీదుగా వస్తే మైసూరుపాకు. నెయ్యి ఓడే మైసూరుపాకు 50 గ్రాముల ముక్క 250 పైనే. ఇంటికి రాగానే డబ్బాలు విప్పి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కోదాని క్యాలరీలు కాగితం మీద రాసి మూతకి అంటించండి. సగం అదే రోజు పక్కింటికీ ఆఫీసుకీ పంపేయండి. పంపిన సంగతి అత్తగారికి ఫోనులో చెప్పక్కర్లేదు. చెప్తే వచ్చే వారం పార్సిల్లో ఇంకో డబ్బా దిగుతుంది.