మొదటి ఫాంటసీ నవల పిచ్ ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

ఇంగ్లీషు ప్రచురణరంగంలో పెద్ద సంస్థలు చాలావరకు రచయిత దగ్గర నేరుగా నవల తీసుకోవు. మధ్యలో రచయిత తరఫున నవలను ప్రచురణకర్తకు అమ్మిపెట్టే లిటరరీ ఏజెంట్ ఉండాలి. నవల తీసుకోమని ఏజెంటును ఒప్పించే ప్రయత్నమే పిచ్. అందులో ఆ ఏజెంట్ చేతికి ముందుగా వెళ్లేవి మూడే: నవలను పరిచయం చేసే ఒక పేజీ ఉత్తరం (క్వెరీ లెటర్), ముగింపుతో సహా కథాసారాంశం (సినాప్సిస్), నవల మొదటి పేజీలు. తిరస్కరణలు రాగానే చాలామంది నవల మొత్తం తిరగరాయడానికి కూర్చుంటారు. అది తొందరపాటు. పని ఎక్కడ ఆగిందో చూస్తే ఏది చెడిందో చాలావరకు తెలిసిపోతుంది. క్వెరీలకే స్పందన లేకపోతే లోపం లెటర్‌లోనో, దానితో పంపిన పేజీల్లోనో ఉంటుంది. కొన్ని అధ్యాయాలు అడిగి ఆపేస్తే ఆరంభాన్ని చూడాలి. పూర్తి నవల చదివి వద్దంటే అప్పుడు కథను అనుమానించాలి.

ఒక షరతు. నవల పూర్తయి, కనీసం ఒకసారి బాగా సవరించాకే ఇదంతా. మొదటి నవలను సగంలో ఉండగా, ఆలోచన మాత్రమే చూపించి అమ్మడం దాదాపు జరగదు.

పది పదిహేను క్వెరీలు వెళ్లాయి, ఒక్కరూ పేజీలు అడగలేదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం, క్వెరీ మనిషితో కాకుండా లోకంతో మొదలవడం. ఏళ్ల తరబడి కట్టుకున్న లోకం కదా, దాని చరిత్ర చెబితేగాని కథ అర్థం కాదనిపిస్తుంది. ఉదాహరణకి కల్పించిన ఈ క్వెరీ చూడండి:

"వెయ్యేళ్ల కిందట ఆరు వంశాలు కలిసి వర్ధాన సామ్రాజ్యాన్ని స్థాపించాయి. ఇప్పుడు మృత్యులేఖన మండలి అధిపతి ఓరుణుడు అక్షరశక్తిని చేజిక్కించుకోవాలని చూస్తున్నాడు. నీల అనే గుమాస్తా ఈ చీకటి రహస్యాల మధ్య తన విధిని ఎదుర్కోవాల్సి వస్తుంది."

మూడు వాక్యాల్లో ఐదు కొత్త పేర్లు. నీల వచ్చేసరికి చదివేవాళ్ల ఓపిక అయిపోయింది. ఆమె ఏం చేస్తుందో ఇప్పటికీ తెలియదు. "చీకటి రహస్యాలు", "తన విధి" అనే మాటలు ఏ ఫాంటసీకైనా అతుకుతాయి, అందుకే దేన్నీ చూపించవు. అదే కథను ఇలా చెప్పొచ్చు:

"రేపు ఎవరు చనిపోవాలో ఈ రోజే పద్దులో రాసిపెట్టే నగరం అది. ఆ పద్దు రాసే గుమాస్తా నీల. ఒక సాయంత్రం చేతికొచ్చిన జాబితాలో ఆమె చెల్లెలి పేరు ఉంటుంది. వదిలేద్దామంటే పద్దు ఖాళీ వరుసను ఒప్పుకోదు. తెల్లారేలోగా నిండకపోతే రాసేవాళ్ల పేరే అందులో తేలుతుంది. నీల చెల్లెలికి బదులు ఒక అపరిచితుడి పేరు రాస్తుంది. పద్దును ఆపే విధానం తెలిసిన ఒకే ఒక్క మనిషి అతనేనని మర్నాడు తెలుస్తుంది. వారం తిరక్కుండా చెల్లెలి పేరు మళ్లీ వస్తుంది. ఇప్పుడామె ఇంకొకరి పేరు రాయాలి, లేదా పద్దునే తగలబెట్టాలి. పద్దు కాలితే చావు ఆగిపోతుందో, నగరమంతటినీ ఒక్కసారే తీసుకుపోతుందో చెప్పగలిగిన మనిషిని ఆమే చంపుకుంది."

ఇందులో ఒక్కటే పేరు. సామ్రాజ్యం లేదు, మండలి లేదు. లోకం గురించి చెప్పింది ఒక్క నియమం: ఖాళీ వరుస నిలవదు. అది లేకపోతే నీల ఇరుక్కోదు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. ఫాంటసీ పిచ్‌లో వరల్డ్‌బిల్డింగ్‌కి, అంటే కల్పిత లోకాన్ని కట్టి చూపడానికి, కొలత ఇదే: పాత్ర తీసుకునే నిర్ణయం అర్థం కావడానికి ఏది అవసరమో అంతవరకే. మిగతా లోకం ఎంత అందమైనదైనా నవల చూసుకుంటుంది.

మీ క్వెరీని ఇలా పరీక్షించండి. ముఖ్యపాత్రకు ఏం కావాలి, దానికి ఏది అడ్డు, అడ్డు వచ్చాక తను స్వయంగా ఏం చేసింది, చివరికి ఏ రెండింటి మధ్య ఎంచుకోవాలి, ఏది ఎంచుకుంటే ఏం పోతుంది? ఒక్కో జవాబు కింద పెన్సిల్‌తో గీత గీయండి. గీత పడని వాక్యం దాదాపు ఎప్పుడూ చరిత్రో వర్ణనో అయి ఉంటుంది, తీసేయండి. ఎక్కువసార్లు లోపించేది మూడో జవాబు. పాత్రకు అన్నీ జరుగుతుంటాయి, తను మాత్రం ఏమీ చేయదు.

ఈ భాగం 150 నుంచి 200 పదాలు చాలు. పేర్లు రెండు, మహా అయితే మూడు. కథలో మొదటి మూడో వంతు దగ్గర, ఎక్కువలో ఎక్కువ సగం దగ్గర ఆగిపోవాలి, ముగింపు చెప్పకూడదు. నవలలో నలుగురి దృక్కోణాలు ఉన్నా క్వెరీని ఒకరిద్దరి మీదే నడపండి, మిగతావాళ్లు ఉన్నారని ఒక్క వాక్యంలో చెప్పండి. దాని కింద నవల పేరు, జానర్ (ఏ తరహా కథ), ఏ వయసు పాఠకులకు, పదాల సంఖ్య, పోలిక పుస్తకాలు (మీ నవల ఏ పుస్తకాలను పోలి ఉంటుందో). ఆ తర్వాత మీ గురించి రెండు వాక్యాలు. మొత్తం 250 నుంచి 350 పదాలు, ఒక పేజీ.

మీ గురించి చెప్పుకోవడానికి ప్రచురణలేమీ లేకపోతే "ఇది నా మొదటి నవల" అని రాసి వదిలేయండి. క్షమాపణ స్వరం వద్దు, "మా స్నేహితులందరికీ నచ్చింది" అసలే వద్దు. కథకు పనికొచ్చే అనుభవం ఉంటే చెప్పండి. పద్దుల గురించి నవల రాసినవాళ్లు పాత రికార్డుల గదిలో పనిచేసి ఉంటే అది చెప్పదగ్గ విషయమే.

పంపే పద్ధతి కూడా ముఖ్యం. ఒకేసారి యాభైమందికి పంపకండి. ఏజెంట్లు ఒకసారి వద్దన్న నవలను, పెద్ద మార్పులు లేకుండా, మళ్లీ చూడరు. లెటర్‌లో లోపం ఉంటే యాభై తలుపులూ ఒక్క రోజులో మూసుకుపోతాయి. విడతకు ఐదు నుంచి ఎనిమిది పంపండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి, స్పందన చూసి లెటర్ మార్చి తర్వాతి విడత పంపండి. కొందరు ఇష్టం లేకపోతే జవాబే ఇవ్వరు, ఆ సంగతి తమ సైట్‌లో రాసి ఉంచుతారు. ప్రతి ఏజెంటుకూ ఒక వరుస ఉండేలా స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి: పేరు, పంపిన తేదీ, ఏ వెర్షన్ లెటర్, ఎన్ని పేజీలు, జవాబు. వెర్షన్ గడి లేకపోతే ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

లెటర్ బాగుంది, అయినా గంటల్లోనే తిరస్కరణ

ముందు పదాల సంఖ్య చూడండి. పెద్దల ఫాంటసీ మొదటి నవలకు 90,000 నుంచి 1,20,000 పదాలు సురక్షితం. టీనేజ్ పాఠకుల ఫాంటసీకి 70,000 నుంచి 1,00,000. అంకె 1,50,000 దాటితే చాలామంది పిచ్ చదవకుండానే ఆపేస్తారు. కాగితం, బైండింగ్, రవాణా ఖర్చు పెరిగి పుస్తకం ధర పెరుగుతుంది, పేరు తెలియని రచయితకు ఆ ధర పెట్టేవాళ్లు తక్కువ. పైగా అంత పెద్ద అంకె ఎడిటింగ్ సరిగ్గా జరగలేదన్న అనుమానం కలిగిస్తుంది. సంఖ్యను దాచకండి, దగ్గర్లోని వెయ్యికి సవరించి రాయండి. తగ్గించాలంటే ఒక్కో వాక్యం చెక్కుతూ కూర్చోవద్దు. ఒక ఉపకథనో, ఒకే పని చేసే రెండు పాత్రల్లో ఒకదాన్నో పూర్తిగా తీసేస్తేనే 20,000 పదాలు కదులుతాయి.

సంఖ్య సరిపోతే, ఎవరికి పంపారో చూడండి. ఫాంటసీ తీసుకోనివాళ్లకు, కొత్త క్వెరీలు ఆపేసినవాళ్లకు పంపిన లెటర్ ఎంత మంచిదైనా వృథా. మామూలుగా అటాచ్‌మెంట్లు తెరవరు; వేరేగా అడిగితే తప్ప పేజీలను మెయిల్‌లోనే అతికించాలి. కొందరు ఐదు పేజీలు అడుగుతారు, కొందరు పది, బ్రిటన్‌లో మొదటి మూడు అధ్యాయాలు అడగడం మామూలు. పది అడిగినచోట పన్నెండు పంపొద్దు.

"ఇది ఎవరికి అమ్మాలో తెలియడం లేదు" అంటున్నారు

పోలిక పుస్తకాలు తప్పుగా పడ్డాయి. అందరూ చదివిన, సినిమాగా వచ్చిన మహా పుస్తకాలతో పోలిస్తే మీ నవల ఎలా ఉంటుందో వాళ్లకేమీ తెలియదు, మీరు కొత్తవి చదవడం లేదని మాత్రం తెలుస్తుంది. గత మూడు నుంచి ఐదేళ్లలో వచ్చిన, బాగానే అమ్ముడైన రెండు పుస్తకాలు తీసుకోండి. ఏ విషయంలో పోలికో కూడా చెప్పండి: ఒకదాని స్వరం, ఇంకోదాని నిర్మాణం. "నా నవల లాంటిది ఇంతవరకూ రాలేదు" అనే వాక్యం వాళ్లకు "దీనికి పాఠకులు ఎవరో నాకూ తెలియదు" అని వినిపిస్తుంది.

"ఏడు పుస్తకాల సిరీస్‌లో మొదటిది" అనగానే ముఖం మారుతోంది

ప్రచురణకర్త మీ పుస్తకం ఒక్కటి కూడా ఇంకా అమ్మి చూడలేదు. మొదటిది అమ్ముడవకపోతే మిగతా ఆరూ ఉండవు. కాబట్టి ముఖ్యమైన సంఘర్షణ ఈ పుస్తకంలోనే తేలేలా చూసి, "విడిగా నిలబడే నవల, సిరీస్‌గా కొనసాగే వీలుంది" అని రాయండి. నిజంగా అలా లేకపోతే రాయకండి. పూర్తి నవల అడిగినప్పుడు బయటపడుతుంది. అప్పుడు మార్చాల్సింది చివరి అధ్యాయాలను. రెండో పుస్తకం రాయడం మొదలుపెట్టేకన్నా ఆ సమయం ఈ ముగింపు మీద పెట్టండి.

సినాప్సిస్ ఆరు పేజీలకు తగ్గడం లేదు

అధ్యాయం తర్వాత అధ్యాయం చెప్పుకుంటూ పోతే తగ్గదు. సినాప్సిస్‌కి 500 పదాల నుంచి 1,000 వరకు, అంటే ఒకటి రెండు పేజీలు. వర్తమాన కాలం, ప్రథమ పురుష. క్వెరీకి భిన్నంగా ఇక్కడ ముగింపు తప్పకుండా చెప్పాలి. కథ చివరిదాకా నిలబడుతుందో లేదో చూడటానికే దీన్ని అడుగుతారు. నవల చూడకుండా, గుర్తున్నంతవరకు పది ముఖ్య మలుపులు కాగితం మీద రాయండి. ఒక్కో మలుపును ముందుదానితో "అందువల్ల", "కానీ" అనే మాటలతో కలపండి. "ఆ తర్వాత" తప్ప ఇంకేదీ కుదరని చోట మలుపు అనవసరమైనదైనా అయి ఉంటుంది, లేదా కారణం నవల్లోనే లేకపోయి ఉంటుంది. రెండోదైతే సినాప్సిస్ మీకు పెద్ద ఉపకారం చేసినట్టే. పేర్లు ఐదు దాటొద్దు. మిగతావాళ్లు "సేనాపతి", "పక్కింటి వైద్యురాలు" అంతే.

పేజీలు అడిగారు, చదివి వద్దన్నారు

ఫాంటసీలో మొదటి అనుమానితురాలు ప్రోలాగ్, అంటే మొదటి అధ్యాయానికి ముందు వచ్చే పూర్వకథ. మూడు వందల ఏళ్ల కిందటి యుద్ధం, మళ్లీ కనిపించని మనుషులు. పాఠకుడు ఒకరితో పరిచయం పెంచుకునేలోపే కథ వేరొకరి దగ్గరికి వెళ్లిపోతుంది. ప్రోలాగ్ తీసేసి, కథ తెలియని ఇద్దరికి మొదటి అధ్యాయం ఇవ్వండి. ఏమీ అడగకుండా చదివేస్తే ప్రోలాగ్ అక్కర్లేదు. తర్వాత మొదటి పది పేజీల్లో మీరు కల్పించిన పదాలన్నిటికీ రంగు వేయండి. పేజీకి మూడు నాలుగు దాటితే సగం తర్వాతి పేజీలకు జరపండి. పాత్ర నిద్ర లేవడం, అద్దంలో చూసుకోవడం, కలతో మొదలవడం ఏజెంట్లు రోజూ చూసేవి.

ఫార్మాట్ విషయంలో సృజన వద్దు: 12 పాయింట్ల టైమ్స్ న్యూ రోమన్, డబుల్ స్పేసింగ్, నాలుగు వైపులా అంగుళం ఖాళీ, పేరా మొదట్లో అరంగుళం జరుపు, పైన ఇంటిపేరు, నవల పేరు, పేజీ నంబరు. మ్యాపులు, పాత్రల పట్టిక, మంత్రవిద్య వివరణ అడిగితేనే.

ఎదురుగా కూర్చుంటే మాట రావడం లేదు

రచయితల సదస్సుల్లో ఏజెంట్లు ఒక్కో పిచ్‌కి ఇచ్చేది మామూలుగా పది నిమిషాల లోపే. ఆ సమయమంతా రచయిత తానే మాట్లాడాలనుకోవడం వల్ల తడబాటు వస్తుంది. మీరు మాట్లాడాల్సింది నిమిషం లోపు, 100 పదాలు. మిగతాది వాళ్ల ప్రశ్నలకు. కంఠస్థం చేస్తే ఒక మాట జారగానే అంతా పోతుంది. నాలుగు మజిలీలు మాత్రం గుర్తుంచుకోండి: ఎవరు, ఏం జరిగింది, ఏం చేసింది, ఇప్పుడు ఏది ఎంచుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మీకే ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి. కొన్ని ప్రశ్నలకు జవాబు ముందే ఉండాలి: పదాలెన్ని, పూర్తయిందా, ముగింపు ఏంటి, తర్వాత ఏం రాస్తున్నారు. కథ విని పేజీలు అడిగితే ఎంత, ఎలా పంపాలో అక్కడే రాసుకోండి. మెయిల్ సబ్జెక్ట్‌లో సదస్సు పేరు, వాళ్లు అడిగారన్న సంగతి ఉండాలి. మాన్యుస్క్రిప్ట్ ప్రింట్ తీసి బల్లమీద పెట్టకండి.

పూర్తి నవల చదివి, "బాగుంది, కానీ ప్రేమలో పడలేదు"

ఒకరు అంటే రుచి. ముగ్గురు ఒకే చోటు గురించి అంటే లోపం అక్కడే, లేదా దానికి కొంచెం ముందు ఉంటుంది. మధ్యలో నడక మందగించిందని అంటే మధ్యభాగంలో ప్రతి అధ్యాయం చివర ముఖ్యపాత్ర పరిస్థితి మారిందో లేదో ఒక్కో వాక్యంలో రాసి చూడండి. మారని అధ్యాయాలు వరుసగా రెండు దొరికితే ఆ రెంటినీ ఒకటి చేయండి. ఎవరైనా "సవరించి మళ్లీ పంపండి" అని వివరంగా రాస్తే వారంలో పంపేయొద్దు. వాళ్ల సూచన కథకు మేలు చేస్తుందని మీకు నమ్మకం ఉంటేనే తీసుకోండి, ఒకటి రెండు నెలలు పట్టినా నష్టం లేదు.

"ఒప్పుకుంటాం, ముందు రుసుం కట్టండి"

అక్కడితో ఆపేయండి. చదవడానికి, ఒప్పందానికి, ప్రచారానికి రచయిత దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు ఏజెంట్లు కారు. నిజమైన ఏజెంటుకు నవల అమ్ముడయ్యాకే ఆదాయం: సొంత దేశంలో అమ్మకానికి మామూలుగా 15 శాతం, విదేశీ, అనువాద హక్కులకు 20 శాతం. సైన్స్ ఫిక్షన్ అండ్ ఫాంటసీ రైటర్స్ అసోసియేషన్ అండతో నడిచే రైటర్ బివేర్ ఇలాంటి మోసాల గురించి హెచ్చరికలు ప్రచురిస్తుంది. పంపే ముందే ఏజెన్సీ పేరును అక్కడ వెతకండి.

నిజమైన ఆఫర్ వస్తే ఫోన్‌లోనే సరే అనేయొద్దు. నవల ఇంకా చదువుతున్న మిగతావాళ్లకు ఆ రోజే తెలియజేసి, నిర్ణయానికి రెండు వారాలు అడగడం ఈ రంగంలో పద్ధతి. ఆఫర్ ఇచ్చినవాళ్లు ఏ మార్పులు కోరుకుంటున్నారు, మొదట ఏ ప్రచురణ సంస్థలకు పంపుతారు, ఈ నవల అమ్ముడవకపోతే తర్వాతిదానికీ ఉంటారా, ఒప్పందం నుంచి బయటికి రావాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి అని అడగండి. ఒప్పందం కాగితం చేతికొచ్చాక సంతకానికి ముందు ఆ నోటీసు, కమిషన్ షరతులను పట్టి పట్టి చదవండి.