కార్స్ ఎర్రర్ వస్తే ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి?

రియాక్ట్ పేజీ (ఫ్రంట్ ఎండ్) 5173 పోర్టులో నడుస్తోంది, దానికి డేటా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఏపీఐ (సర్వర్) 5000 పోర్టులో. ఏపీఐలను పరీక్షించే పోస్ట్‌మ్యాన్ టూల్‌తో అడిగితే డేటా చక్కగా వస్తుంది. అదే బ్రౌజర్‌లో అయితే కన్సోల్ నిండా ఎర్ర అక్షరాలు: "బ్లాక్డ్ బై కార్స్ పాలసీ". టెన్షన్‌లో ఫ్రంట్ ఎండ్ కోడ్ తిరగరాయకండి, అక్కడ సాధారణంగా ఏమీ దొరకదు. అడ్డుకున్నది బ్రౌజర్, అనుమతి ఇవ్వాల్సింది సర్వర్. ఆ అనుమతి ఇచ్చే పద్ధతే కార్స్ (CORS, క్రాస్-ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్).

హెచ్‌టీటీపీయా హెచ్‌టీటీపీఎస్సా, డొమైన్ పేరేంటి, పోర్టు ఎంత. ఈ మూడూ కలిస్తే ఆరిజిన్. ఒక్కటి మారినా బ్రౌజర్‌కు అది పరాయి చోటే. లోకల్‌హోస్ట్, 127.0.0.1 రెండూ మీ కంప్యూటరే అయినా ఆరిజిన్‌లు వేరు. ఒక సైటులోని స్క్రిప్టు మరో సైటు సమాచారాన్ని చదవకూడదన్న ఈ కట్టడి 1995లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో వచ్చింది. పోస్ట్‌మ్యాన్‌కు ఈ కట్టడి లేదు, అందుకే అందులో పనిచేస్తుంది.

1. ముందు నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి

ఎఫ్12 నొక్కి, ఫెయిలైన రిక్వెస్ట్ స్టేటస్ చూడండి. 500 లేదా 502 ఉంటే అసలు జబ్బు వేరే. సర్వర్ కూలిపోయి పంపిన ఎర్రర్ పేజీలో కార్స్ హెడర్లు (జవాబుతో పాటు వెళ్లే అనుమతి వివరాలు) ఉండవు కాబట్టి బ్రౌజర్ దాన్నీ కార్స్ ఖాతాలోనే వేస్తుంది. అప్పుడు సర్వర్ లాగ్ చదవాలి. మ్యాక్ వాడేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది: మాంటెరీ వెర్షన్ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000 పోర్టును వాడుకుంటోంది. రిక్వెస్ట్ మీ సర్వర్‌కు కాక దానికి చేరి 403 రావచ్చు. పోర్టు మార్చేస్తే సరి.

2. ఆప్షన్స్ రిక్వెస్ట్ పాసైందా?

జేసన్ (JSON) డేటా పంపినా, ఆథరైజేషన్ హెడర్ పెట్టినా, పుట్, డిలీట్ వాడినా బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపి "ఇది పంపొచ్చా?" అని అడుగుతుంది. దీన్నే ప్రీఫ్లైట్ అంటారు. దీనికి 200 లేదా 204 లాంటి జవాబు రావాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ప్రీఫ్లైట్‌లో బ్రౌజర్ లాగిన్ టోకెన్ పంపదు. మీ లాగిన్ చెకింగ్ ముందు వరుసలో ఉంటే టోకెన్ లేదని 401 ఇచ్చేస్తుంది, అసలు రిక్వెస్ట్ బయల్దేరదు. కాబట్టి ఎక్స్‌ప్రెస్‌లో కార్స్ మిడిల్‌వేర్‌ను (రిక్వెస్ట్ దారిలో మధ్యలో నడిచే కోడ్‌ను) లాగిన్ చెకింగ్ కంటే, రూట్ల కంటే పైన పెట్టండి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే కార్స్ మిడిల్‌వేర్ కామన్ మిడిల్‌వేర్‌కు పైన ఉండాలి.

మామూలు గెట్‌కు, ఫారం పోస్ట్‌కు ప్రీఫ్లైట్ ఉండదు. అవి నేరుగా సర్వర్‌కు చేరి పని జరిగిపోతుంది, జవాబు మాత్రం మీ కోడ్‌కు కనిపించదు. ఎర్రర్ వచ్చింది కదా అని మళ్లీ మళ్లీ నొక్కితే డేటాబేస్‌లో ఒకే ఆర్డర్ నాలుగుసార్లు పడొచ్చు.

3. హెడర్ విలువ అక్షరం అక్షరం పోల్చండి

జవాబులోని యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ విలువ, రిక్వెస్ట్‌లోని ఆరిజిన్ విలువ అచ్చంగా ఒకటే కావాలి, లేదా ఎవరికైనా అనుమతి అనే నక్షత్రం గుర్తు (*) ఉండాలి. చివర ఒక్క స్లాష్ ఎక్కువైనా కుదరదు. అందులో రెండు అడ్రస్‌లు కామాతో రాసినా చెల్లదు. రెండు సైట్లకు అనుమతి కావాలంటే సర్వర్‌లో జాబితా ఉంచుకుని, అడిగిన ఆరిజిన్ అందులో ఉంటే దాన్నే తిరిగి పంపాలి. దాంతోపాటు వేరీ హెడర్‌లో ఆరిజిన్ అని పెట్టాలి, లేకపోతే పాత జవాబులు దాచి ఉంచే క్యాష్ (cache) ఒకరి జవాబును ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

4. కుకీలు ఉంటే

రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్‌లో, కుకీలు కూడా వెళ్లాలని క్రెడెన్షియల్స్‌కు ఇన్‌క్లూడ్ అని పెట్టారా? అయితే అలౌ-ఆరిజిన్‌లో నక్షత్రం గుర్తు పనికిరాదు, అసలు ఆరిజిన్ రాయాలి. యాక్సెస్-కంట్రోల్-అలౌ-క్రెడెన్షియల్స్ విలువ ట్రూ కావాలి.

5. లోకల్‌లో బాగుండి సర్వర్‌కు ఎక్కించాక పోతే

మీ ఏపీఐకి ముందుండి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్‌ను (nginx) అనుమానించండి. అదీ, ఎక్స్‌ప్రెస్సూ రెండూ ఒకే హెడర్ పెడితే రెండు విలువలున్నాయని బ్రౌజర్ తిరగ్గొడుతుంది. ఒకచోట తీసేయండి. ఎన్‌జినెక్స్‌లోనే ఉంచాలనుకుంటే add_header లైను చివర always చేర్చండి. అది లేకపోతే 401, 500 లాంటి జవాబులకు హెడర్ అంటదు.

కార్స్‌ను ఆఫ్ చేసే ఎక్స్‌టెన్షన్ వేసుకోమని సలహాలు దొరుకుతాయి. అది మీ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, మీ యూజర్ల బ్రౌజర్లలో కాదు. ఫెచ్‌లో నో-కార్స్ మోడ్ పెడితే ఎర్రర్ మాయమవుతుంది, దాంతోపాటు జవాబు చదివే వీలూ పోతుంది.

ఫ్రంట్ ఎండ్, సర్వర్ రెండూ మీ చేతిలోనే ఉంటే ఇంత గొడవ కూడా అక్కర్లేదు. రియాక్ట్ పేజీని నడిపే వీట్ (Vite) టూల్‌లో ప్రాక్సీ సెట్టింగ్ (రిక్వెస్టులను దారి మళ్లించేది) పెట్టి, /api తో మొదలయ్యేవన్నీ 5000 పోర్టుకు పంపండి. బ్రౌజర్‌కు ఒకే ఆరిజిన్ కనిపిస్తుంది. కానీ ఆ ప్రాక్సీ డెవలప్‌మెంట్ సర్వర్‌లోనే ఉంటుంది, బిల్డ్‌లో రాదు. లైవ్‌లో అదే దారి మళ్లింపు ఎన్‌జినెక్స్‌లో రాసుకోవాలి.