కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు తామర తగ్గడం లేదా? ముందు ఆ ట్యూబు చూపించండి

గజ్జల్లో, నడుము చుట్టూ దురద. క్రీము పూస్తే నాలుగు రోజులు నయం, మానగానే రెట్టింపు. హన్మకొండలో నా దగ్గరికి ఇలా వచ్చే మార్పిడి పేషెంట్లను మొదట అడిగేది ఒకటే: ఇప్పటిదాకా ఏం పూశారు? "మెడికల్ షాపులో ఇచ్చిండు సార్" అంటారు. ట్యూబు తేరు.

చాలావరకు అందులో క్లోబెటసాల్ లాంటి స్టిరాయిడ్ ఉంటుంది. అది దురదను అణుస్తుంది కానీ తామర తెచ్చే ఫంగస్‌ను పెంచుతుంది. తామర గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టర్లే పొరబడతారు. ట్యూబు ఆపి, పొట్టు గీకి మైక్రోస్కోపులో చూపిస్తే తేలిపోతుంది. ఆపమన్నది ట్యూబునే. కిడ్నీ కోసం ఇచ్చిన స్టిరాయిడ్ మాత్ర మానొద్దు.

నేను దెబ్బతిన్నది ఆ తర్వాతి మెట్టు దగ్గర. నర్సంపేట వైపు పత్తి రైతు ఒకాయనకు తామరకని ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మాత్ర రాశాను. మార్పిడి సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రెండు వారాలకు వచ్చి కూర్చుంటే చేతిలో టీ గ్లాసు వణికి చొక్కా మీద ఒలికింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే మందు టాక్రోలిమస్. దాన్ని లివర్‌లో కరిగించే ఎంజైమును ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది. వేసుకునే డోసు మారకపోయినా రక్తంలో మందు పేరుకుని కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఫ్లుకొనజోల్, కీటోకొనజోల్ మాత్రలూ అంతే. టెర్బినఫిన్ అనే మరో ఫంగస్ మాత్రతో ఈ గొడవ చాలా తక్కువ. ఇట్రాకొనజోల్ తప్పదంటే ముందు మార్పిడి డాక్టరుకు ఫోన్ చేయండి. పొద్దున టాక్రో వేసుకోకముందే రక్తమిచ్చి అందులో ఆ మందు లెవెల్ చూపించుకోండి. కోర్సు అయిపోయాక మళ్లీ చూపించాలి, ఎందుకంటే అప్పుడు లెవెల్ పడిపోయి, ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టే రిజెక్షన్ భయం ఉంటుంది. డోసు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు. ఆ రైతుకు మాత్రలు మార్చి, రోజు విడిచి రోజు లెవెల్ చూస్తూ గడిపిన ఆ వారం టెన్షన్ నాకింకా గుర్తే.

శోభి మచ్చలకు కంగారొద్దు, పైపూతతో పోతాయి. ఒంటికి ఒకవైపే పట్టీలా మంట, నీటి పొక్కులు వస్తే సర్పి. పసర్లు పూస్తూ కూర్చోకుండా అదే రోజు రండి. 

పెదవి, చెవి, ముంజేయి మీద నెల దాటినా మానని పుండుంటే, పులిపిరి గట్టిపడి రక్తం కారుతుంటే ముక్క పరీక్ష చేయించాల్సిందే. మార్పిడి మందులతో చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. తెల్లతోలు వాళ్లలో ఎక్కువ, మనలో తక్కువే, కానీ లేకపోలేదు. చేనుకు వెళ్లేవాళ్లు నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు మానొద్దు.