స్కీ బూటు బిగుతు: ఇంట్లోనే సరిచేద్దాం – 3వ పాఠం: చిటికెన వేలి పక్క ఎముక

రెండో పాఠంలో లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) బయటికి తీసి, ఖాళీ షెల్‌లో (బయటి గట్టి ప్లాస్టిక్ డొప్పలో) కాలు పెట్టి, వేళ్లు ముందు గోడకు ఆనీ ఆననట్టు ఉంచి, మడమ వెనక ఎంత జాగా మిగిలిందో కొలిచాం. ఆ జాగా 10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య వచ్చినవాళ్లకు ఈ పాఠం. 25 దాటిందంటే బూటు మీ కాలికి పెద్దది. పెద్ద బూటు కూడా నొప్పి పెడుతుంది. లోపల కాలు జారుతుంటే బకిళ్లు ఇంకా ఇంకా బిగిస్తారు, దాంతో షెల్ లోపలికి వంగి పాదాన్ని పక్కల నుంచి నొక్కుతుంది. అలాంటి బూటును సాగదీస్తే జారుడు పెరుగుతుందే గానీ నొప్పి పోదు. 10 కంటే తక్కువ వచ్చినవాళ్లకు కావలసింది పొడవు. ఆ పని ఇంట్లో వద్దు, బూట్లను కాలికి సరిచేసే నిపుణుడు, అంటే బూట్ ఫిట్టర్ దగ్గరికే వెళ్లండి.

ఈసారి ఒకే చోటు చూద్దాం: చిటికెన వేలి మొదట్లో పాదం బయటి అంచుకు పొడుచుకొచ్చే ఎముక. బూటు వివరాల్లో 98, 100, 102 అని కనిపించే అంకె ఈ ఎముక దగ్గర లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో. మామూలుగా దాన్ని 26.5 సైజు బూటు మీద కొలుస్తారు. అదే మోడల్‌ను 24.5లో కొంటే అసలు వెడల్పు రాసినదానికంటే తక్కువే ఉంటుంది. చెప్పులు వేసుకుని, వట్టికాళ్లతో తిరిగి పెరిగిన పాదాలు ముందు భాగంలో విచ్చుకుని ఉండటం మామూలే. కాబట్టి మనవాళ్లు కొలరాడోలోనో యూటాలోనో మొదటిసారి బూట్లు కొన్నప్పుడు పొడవు సరిపోయినా ఇక్కడ పట్టేయడంలో వింతేమీ లేదు.

హీట్ గన్ (వేడిగాలి వదిలే పరికరం) చేతిలోకి తీసుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. కొందరికి పని ఇక్కడే అయిపోవచ్చు, అందుకే తొందరపడొద్దు.

మొదటిది సాక్సు. ఒక్క జత, పలచనిది, మోకాలి కింది దాకా వచ్చేది. చలికి భయపడి రెండు జతలు వేసుకుంటే జాగా తగ్గుతుంది, రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. లోదుస్తుల అంచు, ప్యాంటు కొస ఏవీ బూటు లోపలికి దూరకూడదు.

రెండోది బకిళ్లు. పాదాన్ని పట్టి ఉంచాల్సింది చీలమండ ముందు, మీగాలి వంపు దగ్గరుండే బకిలు. మడమను వెనక్కి తన్ని, మోకాలు ముందుకు వంచి, ముందు దాన్ని పెట్టండి. వేళ్ల వైపు బకిలు పని తలుపు మూసినట్టు మూయడమే, బిగించడం కాదు. మొదటి పంటిలో పెట్టినా బిగుతుగా ఉంటే బకిలు కడ్డీని తిప్పి ఒకటి రెండు చుట్లు పొడవు చేయండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద వేసే అట్ట). కాగితం మీద కూర్చుని ఒకసారి, అదే కాలి మీద పూర్తి బరువు వేసి నిలబడి ఇంకోసారి పాదం చుట్టూ గీత గీయండి. నిలబడ్డప్పటి గీత బాగా వెడల్పుగా, పొడవుగా వచ్చిందంటే బరువు పడగానే మీ పాదం వంపు కుంగుతోంది. కుంగిన పాదం అటూ ఇటూ పరుచుకుని షెల్ గోడకు తగులుతుంది. బూటుతో వచ్చే పలచటి ఇన్‌సోల్ తీసి, వంపుకు ఆనుడు ఇచ్చే గట్టి ఇన్‌సోల్ వేస్తే షెల్‌ను ముట్టుకోకుండానే వెడల్పు దొరుకుతుంది. ఇది చేయకుండా సాగదీస్తే, తర్వాత ఇన్‌సోల్ మార్చినప్పుడు పాదం ఉండే తీరు మారి, సాగదీసిన చోటు వృథా అవుతుంది.

ఇవి చూశాక కూడా నొప్పి అదే చోట ఉంటే లైనర్‌ను మలచాలి. మీ లైనర్ వేడికి మెత్తబడే రకమని తయారీదారు చెప్పి ఉంటేనే ఇది పనిచేస్తుంది. రెండు పొడవాటి నూలు మేజోళ్లలో చీలమండ ఎత్తు దాకా పచ్చి బియ్యం పోసి ముడి వేయండి. మైక్రోవేవ్‌లో నిమిషం నిమిషం చొప్పున వేడి చేస్తూ, మధ్యమధ్య కుదుపుతూ, చేత్తో పట్టుకోలేనంత వేడి రానివ్వండి. మాడు వాసన వస్తే ఆపేయాలి. ఆ మూటలను లైనర్లలో వేళ్ల దాకా కూరి, లైనర్ బయటి వైపు వెచ్చగా తగిలే దాకా ఉంచండి. పదిహేను నిమిషాలు పట్టవచ్చు. ఈలోపు నొప్పి పెట్టే ఎముక మీద 3 మి.మీ. మందం నురుగు (ఫోమ్) ముక్కను టేపుతో అంటించి, పైన పలచని సాక్సు తొడగండి. మూట తీసి, లైనర్‌ను షెల్‌లో పెట్టి, వేడి తగ్గకముందే కాలు పెట్టి, బకిళ్లు వదులుగా వేసి, పది నిమిషాలు నిటారుగా నిలబడండి. నురుగు ముక్క ఉన్న మేరకు లైనర్‌లో గుంట పడుతుంది.

ఇక షెల్. ఇది వెనక్కి తిప్పలేని పని. ముందు ప్లాస్టిక్ ఏదో చూడండి. షెల్ మీద ఎక్కడో అచ్చు వేసి ఉంటుంది. పియు, టిపియు అని ఉంటే పాలీయురెథేన్, ఇంట్లో సాగదీయదగ్గది. పిఎ అని గానీ, గ్రిలమిడ్, పెబాక్స్ అని గానీ ఉంటే ఆపేయండి. తేలిక టూరింగ్ బూట్లలో (స్కీలతోనే కొండ ఎక్కి దిగేవాళ్ల బూట్లలో) ఇవి ఎక్కువ. అవి మెత్తబడే వేడికీ కరిగే వేడికీ మధ్య ఎడం చాలా తక్కువ. పదేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ బూటునూ సాగదీయొద్దు, పాతబడిన ప్లాస్టిక్ పెళుసుబారి పగులుతుంది. గుల్మార్గ్‌లోనో ఔలీలోనో అద్దెకు తెచ్చుకున్న బూటు మనది కాదు గనక సాక్సు, బకిలు, ఇన్‌సోల్ దాకానే.

గుర్తు పెట్టడానికి లిప్‌స్టిక్‌ను మించింది లేదు. లైనర్ తొడుక్కుని, ఎముకను పైనుంచి తడిమి, లైనర్ మీద చుక్క పెట్టండి. ఆ లైనర్‌తోనే కాలు షెల్‌లోకి దించి తీస్తే లోపలి గోడ మీద జారిన గీత పడుతుంది. గీత ఎక్కడ ఆగిందో అదే మీ చోటు. మడమ నుంచి ఎంత దూరమో కొలిచి పాదం కొలతతో సరిచూసుకుని, బయటి వైపు పెన్సిల్ గుర్తు పెట్టండి.

పనిముట్టును ఇంట్లోనే చేసుకోవచ్చు. 40 మి.మీ. పొడవు ఎం10 బోల్టు, 30 మి.మీ. పొడవు కప్లింగ్ నట్టు, రెండు వాషర్లు, 20 మి.మీ. మందం గట్టి చెక్క దిమ్మలు రెండు చాలు. ఒక దిమ్మను 35 మి.మీ. వెడల్పున గుండ్రంగా, అంచు లేకుండా ఉప్పు కాగితంతో అరగదీయండి. ఇది ఎముక వైపు. రెండోది వెడల్పుగా, చదునుగా ఉండాలి, ఎదుటి గోడ మీద బలం పంచడానికి. బోల్టును నట్టులోకి తిప్పి, రెండు కొసలకూ వాషరు పెట్టి దిమ్మల మధ్య ఉంచి, నట్టును 17 నంబరు పానాతో తిప్పితే ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ. విచ్చుకుంటుంది. ఎంత విప్పినా నట్టులో కనీసం 12 మి.మీ. మర మిగిలి ఉండాలి.

లైనర్, ఇన్‌సోల్, బూట్ బోర్డు (షెల్ అడుగున లైనర్ కింద ఉండే పలక) అన్నీ తీసేయండి. బయటి వెడల్పును వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. గుర్తు మీదికి బకిలు వస్తే స్క్రూ విప్పి పక్కన పెట్టండి. ముందు వెనక అడుగు అంచులకు తడిగుడ్డ చుట్టండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) పట్టుకునేది వాటినే. వాటి ఆకారం చెడితే పడినప్పుడు బూటు సమయానికి విడవదు, మోకాలు పోతుంది. కిటికీలు తెరిచి, చేతికి తొడుగు వేసుకుని, దిమ్మలను షెల్ లోపల గుర్తు దగ్గర చేతి బిగింపుతో నిలబెట్టండి. హీట్ గన్ 10-15 సెం.మీ. దూరంలో పట్టి, అరచేయంత మేర వలయాలుగా ఆపకుండా తిప్పండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంచండి. షెల్ మందం కాబట్టి పైన వేడెక్కినా లోపల చల్లగానే ఉంటుంది, కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. పైన కొత్త మెరుపు వస్తే గన్ వెంటనే పక్కకు తిప్పండి. దాని తర్వాత వచ్చేది బొబ్బే.

మెత్తబడ్డాక సగం చుట్టు చొప్పున తిప్పుతూ, మధ్యలో వేడి చూపుతూ వెళ్లండి. ప్లాస్టిక్ కొంత వెనక్కి వస్తుంది కాబట్టి 3 మి.మీ. కావాలంటే 5 దాకా, అంటే మూడున్నర చుట్ల దాకా నెట్టాలి. పానాకు ఒక్కసారిగా బరువు తగిలితే ప్లాస్టిక్ చల్లారిందని అర్థం. అలాగే బలవంతం చేస్తే తెల్లటి చారలు పడతాయి, అవే పగుళ్లకు మొదలు. నెట్టడం అయ్యాక చల్లటి నీళ్ల గుడ్డ పెట్టి, ఆ రాత్రంతా దిమ్మలు కదల్చకుండా వదిలేయండి. వేడిగా ఉండగానే విప్పితే షెల్ దాదాపు పాత వెడల్పుకే వెళ్లిపోతుంది. మర్నాడు దిమ్మలు తీసి, ఇంకో రోజు ఆగి, మళ్లీ వెర్నియర్ పెట్టండి. తక్కువైతే మళ్లీ చేయవచ్చు, ఎక్కువైతే తగ్గించడం కష్టం.

పరీక్ష ఇంట్లోనే. బూటు వేసుకుని, మోకాళ్లు వంచుతూ లేస్తూ అరగంట ఉండి, విప్పగానే చర్మం చూడండి. ఎర్రటి మచ్చ పదిహేను నిమిషాల్లో పోతే చాలు, మంచు మీద కొన్ని రోజులు తిరిగితే లైనరే ఇంకాస్త అణుగుతుంది. మచ్చ అలాగే ఉన్నా, మచ్చ లేకుండా వేళ్లు తిమ్మిరెక్కినా పని మిగిలే ఉంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఈ పరీక్షను నమ్మకూడదు. వాళ్లు వైద్యుడికి చూపించుకుని, ఫిట్టర్ చేతే చేయించుకోవాలి.

తిమ్మిరికి ఎక్కువసార్లు కారణం పక్కల బిగుతు కాదు, మీగాలి మీద ఒత్తిడి. నాలుగో పాఠం దాని గురించే. అప్పటికి బూట్ బోర్డును షెల్ నుంచి బయటికి లాగి, మడమ దగ్గర, వంపు దగ్గర దాని మందం కొలిచి రాసిపెట్టుకోండి.