కార్ల క్లబ్బులో తొలి ఆటోక్రాస్: నడిపేది ఆరు నిమిషాలు, మరి మిగతా రోజంతా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది మియాటానో మస్టాంగో ముచ్చటపడి కొంటారు. మొదటి ఏడాది ఫ్రీవే మీద తిప్పి, ఫొటోలు దిగి, తుడిచి గరాజ్‌లో పెడతారు. ఆ కారు ఏం చేయగలదో తెలియాలన్నా, అదే పిచ్చి ఉన్న నలుగురు పరిచయం కావాలన్నా దగ్గరి దారి స్థానిక స్పోర్ట్స్ కార్ క్లబ్బు పెట్టే ఆటోక్రాస్. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికాకు (ఎస్‌సీసీఏ అనే అంటారంతా) దేశమంతటా వందకు పైగా రీజియన్లున్నాయి. డాలస్ వైపు టెక్సస్ రీజియన్, బే ఏరియాలో శాన్ ఫ్రాన్సిస్కో రీజియన్, ఇలా. పోర్షా, బీఎండబ్ల్యూ క్లబ్బుల శాఖలు కూడా ఆటోక్రాస్ పెడతాయి. చాలాచోట్ల వేరే బ్రాండు కార్లనూ రానిస్తాయి.

ఖాళీ పార్కింగ్ లాట్‌లోనో పాత రన్‌వే మీదనో కోన్లతో దారి వేస్తారు. పోటీ గడియారంతోనే, పక్క కారుతో కాదు. ఎక్కువ భాగం రెండో గేరులోనే నడుస్తుంది. వేగం మామూలుగా హైవే వేగాన్ని దాటదు. ఒక రన్ 40 నుంచి 60 సెకన్లు, మనిషికి నాలుగు నుంచి ఆరు రన్లు. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి బయటపడితే మీరు నడిపేది మహా అయితే ఆరు నిమిషాలే అన్నమాట. మిగతా సమయం కోర్సు మీద నడవడం, కోన్లు నిలబెట్టడం, పక్కవాడి కారు కింద తలపెట్టి చూడడం. ఈ లెక్క తెలియకుండా వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి విసుగెత్తిపోతారు. తెలిసి వెళ్తే ఆ మిగతా గంటల్లోనే స్నేహాలు కుదురుతాయి.

వెళ్ళే ముందు వారం

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ముందే చేసుకోవాలి. ఊరిని బట్టి ఫీజు మారుతుంది కానీ రేస్ ట్రాక్ మీద నడిపే ట్రాక్ డేతో పోలిస్తే చాలా తక్కువ. సభ్యత్వం లేనివాళ్ళు ఆ వారాంతానికి మాత్రమే తీసుకోవచ్చు. నోవిస్ గ్రూప్ (కొత్తవాళ్ళ గ్రూప్) అని ఉంటే మొహమాటపడకుండా దాన్నే ఎంచుకోండి. ఇండియాలో ఇరవై ఏళ్ళు నడిపిన అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు.

కారు స్పోర్ట్స్ కారే కానక్కర్లేదు. సివిక్, కరోలా, మోడల్ 3 అన్నీ వస్తాయి. ఎత్తైన ఎస్‌యూవీలకూ వ్యాన్లకూ బోల్తాపడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని చాలావరకు ఒప్పుకోరు. అనుమానముంటే ముందే మెయిల్ పెట్టి అడగండి. టాప్ లేని మియాటా మామూలు స్ట్రీట్ క్లాసుల్లో (పెద్ద మార్పులు చేయని కార్ల విభాగాల్లో) రోల్ బార్, అంటే బోల్తాపడితే తలను కాపాడే ఇనుప కమ్మీ, లేకుండానే నడుస్తుంది. రోల్ బార్ గొడవ ట్రాక్ డేల దగ్గర వస్తుంది.

ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చదవండి. టైమింగ్ పెట్టి నడిపే పోటీల్లో జరిగే నష్టాన్ని చాలా పాలసీలు కవర్ చేయవు. క్లబ్బు తీసుకునే ఇన్సూరెన్స్ ఇతరులకు జరిగే హాని కోసమే తప్ప మీ బంపర్ కోసం కాదు. అయినా ఇక్కడ కారుకు మామూలుగా తగిలేవి రబ్బరు కోన్లే. పెయింటు మీద నారింజ రంగు గీతలు పడతాయి, పాలిష్‌తో తుడిస్తే పోతాయి.

టెక్‌లో ఏం చూస్తారు

పొద్దున కారు తనిఖీ ఉంటుంది. అక్కడ నిలబడి డిక్కీ ఖాళీ చేసుకునే బదులు ముందురాత్రే చేసుకోవడం మేలు. కారులో కదిలే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. డ్రైవర్ వైపు మ్యాట్, సీటు కింద దొర్లే నీళ్ళ సీసా, ఫోన్ హోల్డర్, పిల్లల కార్ సీట్, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు అన్నీ దిగాల్సిందే. బ్రేకు వేసిన క్షణంలో సీసా పెడల్ కిందికి దొర్లితే ఏమవుతుందో ఊహించుకోండి. చక్రాలకు ప్లాస్టిక్ క్యాప్‌లుంటే అవీ తీసేయాలి.

తర్వాత బ్యాటరీ పట్టుకుని ఊపుతారు. కదిలితే వెనక్కి పంపుతారు. బ్రేకు పెడల్ గట్టిగా ఉండాలి, మెత్తగా లోపలికి పోకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదిపితే ఆట ఉండకూడదు. ఆయిల్ కారకూడదు, టైర్ల లోపలి తీగలు బయటపడి ఉండకూడదు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో సరైన బిగువుకు బిగించండి. సివిక్‌కు 80 ఫుట్-పౌండ్లు, మోడల్ 3కి 129, కొత్తతరం మస్టాంగ్‌కు 150. ఇంత తేడా ఉంటుంది కాబట్టి స్నేహితుడు చెప్పిన అంకె కాక మీ కారు మాన్యువల్‌లోదే వాడాలి.

హెల్మెట్ లైనింగ్ కింద స్నెల్ (హెల్మెట్ల భద్రతా ప్రమాణం) స్టిక్కర్ ఉండాలి. ఎస్‌ఏ2020, ఎమ్2020 లాంటివి సరిపోతాయి. డాట్ (అమెరికా రవాణా శాఖ) స్టిక్కర్ ఒక్కటే ఉన్న బైకు హెల్మెట్ చెల్లదు. మొదటిసారే కొననక్కర్లేదు, చాలా క్లబ్బులు అరువిస్తాయి. లోపల పెట్టుకోవడానికి పల్చటి కాటన్ టోపీ తెచ్చుకోండి, అది నలుగురి చెమట పట్టిన హెల్మెట్ మరి. కాళ్ళకు పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు.

నంబర్ రెండు పక్కలా కనబడాలి. అంకెలు 8 అంగుళాలు, క్లాసు అక్షరాలు 4 అంగుళాల ఎత్తుంటే చాలు. నీలిరంగు పెయింటర్స్ టేప్‌తో అంటించుకోవచ్చు. కాకపోతే నల్ల కారు మీద నీలం టేప్ టైమింగ్ వాళ్ళకు కనబడదు. తెల్ల టేప్ వాడండి.

కోర్సు నడవడం

ఫలితం సగం ఇక్కడే తేలిపోతుంది. మూడుసార్లయినా నడవాలి. నోవిస్ వాక్ అని అనుభవజ్ఞులు వెంట తీసుకెళ్తారు, అది ఒకసారి. మిగతా రెండూ మాటలు కట్టిపెట్టి ఒంటరిగా నడవండి. కబుర్లు చెప్పుకుంటూ నడిచినవాళ్ళే మొదటి రన్‌లో దారి తప్పుతారు.

నిలబడ్డ కోన్ పక్కన ఒక కోన్ పడుకోబెట్టి ఉంటే దాని మొన చూపేది నిలబడ్డ కోన్‌నే. పడుకున్న కోన్ ఉన్న వైపు కాదు, నిలబడ్డ కోన్‌కు రెండో వైపు నుంచే కారు వెళ్ళాలి. సులువుగా అనిపిస్తుంది కానీ చదునైన కాంక్రీటు మీద వందల కోన్లున్నప్పుడు కారు సీటులోంచి అంతా ఒకే నారింజ ముద్దగా కనిపిస్తుంది. అందుకే రెండోసారి నడిచేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా కళ్ళు సీటు ఎత్తుకు వచ్చేలా వంగి చూడండి. స్లాలమ్‌లో (వరుసగా ఉన్న కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ నడిపే చోట) మొదటి కోన్‌కు ఏ పక్క నుంచి వెళ్తున్నారో, చివరి కోన్ దాటాక కారు ఏ వైపు తిరిగి ఉంటుందో చూసుకోండి. ఫినిష్ తర్వాత ఎక్కడ ఆగాలో కూడా నడిచి చూడాలి. ఫినిష్ దాటగానే సంబరంలో వేగం తగ్గించడం మరిచి, కార్లు నిలిపి ఉంచే ప్యాడాక్‌లోకి దూసుకొస్తే ఆ రోజుకు ఇంటికే.

రన్లు

మొదటి రన్‌లో లక్ష్యం ఒక్కటే, దారి తప్పకుండా బయటికి రావడం. ఒక గేటు (రెండు కోన్ల మధ్య దారి) తప్పితే డీఎన్‌ఎఫ్, ఆ రన్‌కు టైమే ఉండదు. స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లోనే ఉంచండి.

కొత్తవాళ్ళందరిదీ ఒకే తప్పు. ముందున్న కోన్‌నే చూస్తారు, దాన్నే కొడతారు. చూపు ఎప్పుడూ ఒక గేటు ముందుండాలి. రెండోది, మలుపులోకి వేగంగా వెళ్ళి స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పడం. టైర్లు కీచుమంటాయి, కారు మాత్రం తిన్నగా పోతుంది. ముందే గట్టిగా బ్రేకు వేసి నెమ్మదిగా లోపలికి వెళ్తే టైము తగ్గుతుంది. మొదట్లో ఈ మాట ఎవరూ నమ్మరు. ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి, డబ్బులు తీసుకోరు. ఆ ఒక్క రన్‌లో రెండు మూడు సెకన్లు తగ్గడం మామూలే.

కోన్ పడితే రెండు సెకన్ల పెనాల్టీ. ప్రతి కోన్ చుట్టూ చాక్‌తో పెట్టె గీసి ఉంటుంది. కోన్ నిలబడే ఉండి, కొంచెమైనా ఆ గీతకు తగులుతుంటే పెనాల్టీ లేదు. పూర్తిగా బయటికి జరిగినా, పడిపోయినా ఉంటుంది. పడుకోబెట్టిన కోన్లకు లెక్క లేదు. ముందు కారు కొట్టిన కోన్ మీ దారిలో పడి ఉంటే వెంటనే ఆగి, చేయి బయటపెట్టి దాన్ని చూపించండి, మళ్ళీ రన్ ఇస్తారు. చూసి కూడా నడిపేస్తే ఆ రన్ మీ ఖాతాలోనే. ఎర్ర జెండా కనిపిస్తే మాత్రం వెంటనే ఆగిపోవాలి.

టైర్ల గాలి సంగతి. ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ మీదికి చాక్‌తో గీత గీయండి. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రన్ తర్వాత చాక్ త్రికోణం దాటి చెరిగితే టైరు మరీ వాలిపోతోంది, 2 పీఎస్‌ఐ ఎక్కించండి. త్రికోణం దాకా కూడా రాకపోతే 2 తగ్గించండి. టైర్లు వేడెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది కాబట్టి ప్రతి రన్‌కూ చూసుకోవాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకు ముందు టైర్లలో డోర్ స్టిక్కర్ మీది అంకె కన్నా నాలుగైదు ఎక్కువతో మొదలుపెట్టండి.

ఫలితాల షీట్‌లో మీ టైము పక్కన పాక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. ఒక్కో క్లాసుకు ఒక్కో గుణకం. గుణకం 0.800 అనుకుంటే 50 సెకన్ల రన్ 40.000 అవుతుంది. మీ సివిక్‌నూ పక్కవాడి కార్వెట్‌నూ ఒకే తక్కెడలో తూచేది ఇదే. సాయంత్రం వాదనలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

కోన్ డ్యూటీ

మీరు నడపని గ్రూపులో కోర్సు మీద పని చేయాలి. ఇది బలవంతపు చాకిరీ కాదు, క్లబ్బు నడిచేదే దీనిమీద. డ్యూటీ ఎగ్గొడితే రన్లు రద్దవుతాయి, తర్వాత మొహం చూపించడమూ కష్టమే.

స్టేషన్‌కు ముగ్గురు నలుగురుంటారు. ఒకరి చేతిలో రేడియో, ఒకరి చేతిలో ఎర్ర జెండా, పక్కన అగ్నిమాపక సిలిండర్. కూర్చోకూడదు, ఫోన్ జేబులోంచి తీయకూడదు, వస్తున్న కారుకు వీపు చూపకూడదు. కోన్ కదిలితే కారు దాటేదాకా ఆగి, పరిగెత్తి వెళ్ళి ముందు గీత చూడండి. తీర్పు మనసులో తేల్చుకున్నాకే కోన్ తిరిగి గీతలో పెట్టండి. కొత్తవాళ్ళు కంగారులో ముందే నిలబెట్టేస్తారు, పెనాల్టీ ఉందో లేదో చెప్పడానికి ఆధారం పోతుంది. చేతులతో చెప్పే భాష ఒకటుంది. పెనాల్టీ ఉంటే వేళ్ళతో ఎన్ని కోన్లో చూపిస్తారు, లేకపోతే క్రికెట్ అంపైర్‌లా రెండు చేతులూ పక్కలకు చాస్తారు. రేడియో మనిషి కారు నంబరు, కోన్ల సంఖ్య చెబుతాడు. తర్వాతి కారు అరనిమిషంలో మీ మీదికొస్తుంది కాబట్టి రెండు కోన్లు ఒకేసారి పడితే ఎవరు దేనికి పరిగెత్తాలో ముందే అనుకోండి.

నీడ ఉండదు. టెక్సస్‌లో జులై కాంక్రీటు అంటే మనకు మే నెల విజయవాడే. టోపీ, సన్‌స్క్రీన్, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, పొడుగు చేతుల కాటన్ చొక్కా తెచ్చుకోండి. ఆ స్టేషన్‌లో గంటన్నర కలిసి నిలబడ్డ నలుగురే క్లబ్బులో మీ తొలి పరిచయాలు. ఏ టైరు కొనాలో, ఏ మెకానిక్ నిజాయితీపరుడో, పాత కారు ఎవరు అమ్ముతున్నారో అక్కడే తెలుస్తుంది.

ప్యాడాక్‌లో మర్యాదలు

అందరూ పేరు పెట్టి పిలుచుకుంటారు, సర్ అంటే ఇబ్బందిపడతారు. అడగకుండా ఎవరి కారు తలుపూ తీయకండి, హుడ్ మీద మోచేయి ఆనించకండి. ప్యాడాక్‌లో నడిచే వేగంతోనే కారు కదపాలి. మీ దగ్గర గాలి పంపు, టార్క్ రెంచ్ ఉంటే పక్కవాళ్ళకు ఇవ్వండి, రెండో ఈవెంట్‌కల్లా అందరికీ మీ పేరు తెలిసిపోతుంది. అనుభవజ్ఞుల కారులో ప్యాసింజర్‌గా వస్తానని అడగడానికి సిగ్గుపడకండి. వేవర్ (ప్రమాదం జరిగితే క్లబ్బు బాధ్యత లేదని ఒప్పుకునే కాగితం) మీద సంతకం, హెల్మెట్ ఉంటే చాలు.

ఫుడ్ ట్రక్ వస్తే వచ్చేది బార్బెక్యూనే. శాకాహారులు పులిహోర డబ్బా తెచ్చుకోవడం క్షేమం, కాస్త ఎక్కువే తెండి. ఆఖరి రన్ కాగానే వెళ్ళిపోకండి. కోన్లు ఏరి ట్రైలర్‌లో పేర్చేదాకా ఉన్నవాళ్ళనే తర్వాత భోజనానికి పిలుస్తారు. అక్కడ బిల్లు ఎవరిది వాళ్ళే కడతారు, అందరిదీ నేనే కడతానని మీద పడొద్దు.

ఇంట్లోవాళ్ళకూ పని కావాలంటే

ఎండలో కోన్లు చూడ్డం ఇంట్లోవాళ్ళకు నచ్చకపోతే అదే క్లబ్బు పెట్టే టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీకి ఇద్దరూ వెళ్ళండి. మామూలు రోడ్ల మీద, స్పీడ్ లిమిట్ లోపలే. ఒకరు నడపాలి, ఒకరు సూచనలు చదివి లెక్క కట్టాలి. దాచిన చెక్‌పాయింట్‌కు ముందొచ్చినా వెనకొచ్చినా పాయింట్లు పడతాయి, తక్కువ పాయింట్లున్నవాళ్ళు గెలుస్తారు.

మొదట్లో ఓడోమీటర్ సరిచూసుకోవడానికి కొన్ని మైళ్ళు ఇస్తారు. నిర్వాహకుల కొలత 10.00 మైళ్ళు, మీ కారు 9.80 చూపిందనుకోండి. ఇక మీ ఓడోమీటర్ చూపే ప్రతి అంకెనూ 1.0204తో గుణించాలి. గంటకు 36 మైళ్ళ సగటు ఇస్తే మైలుకు సరిగ్గా 100 సెకన్లు. మైలు దాటిన ప్రతిసారీ నావిగేటర్ గడియారం చూసి ‘నాలుగు సెకన్లు ముందున్నాం’ అని చెబితే చాలు, డ్రైవర్ మెల్లగా సర్దుకుంటాడు. మలుపు తప్పితే పోయిన సమయం కోసం వేగం పెంచకండి. ఆలస్యానికి సమయం మినహాయించమని అడిగే ఫారం చాలా ర్యాలీల్లో ఉంటుంది, తర్వాతి చెక్‌పాయింట్ కంటే ముందే నింపి ఇవ్వాలి. ఎవరివల్ల మలుపు తప్పిందో తేల్చుకునే పని మాత్రం ఫినిష్ దగ్గర భోజనాల దాకా వాయిదా వేసుకోండి.