సైన్స్ పాఠాన్ని ఆటలతో, ఫోన్‌తో సరదాగా చెప్పడం ఎలా?

పాఠం ఎప్పటిలాగే చెప్పేసి చివర్లో పది నిమిషాలు యాప్‌లో క్విజ్ పెడితే అదే ఆటలతో బోధన అని చాలామంది అనుకుంటారు. నేనూ కొన్నాళ్లు అదే చేశా, పిల్లలు పాయింట్ల కోసం గోల గోల చేసేవాళ్లు, వారం తర్వాత అదే ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు. ఎందుకంటే అక్కడ ఆట దారి ఆటది, సైన్స్ దారి సైన్స్‌ది. రివిజన్‌కి క్విజ్ మంచిదే, కాదనను. కానీ కొత్త విషయం బుర్రకెక్కాలంటే ఆట రూల్స్‌లోనే ఆ సైన్స్ ఉండాలి.

1. ఒక్క పాయింట్ పట్టుకోండి

చాప్టర్ మొత్తం వద్దు. పిల్లలు ఎక్కడ పొరపాటు పడతారో అది చాలు. జీవపరిణామం పాఠమే తీసుకుంటే "పురుగులు బతకడం కోసం రంగు మార్చుకున్నాయి" అని రాసేవాళ్లు ఎంతమందో! ఆ ఒక్కదాని మీదే ఆట కట్టండి.

2. ఆడే ముందు ఊహించమనండి

దీన్ని మాత్రం వదలొద్దు. నోటితో చెప్పడం కాదు, నోట్‌బుక్‌లో రాయించండి, లేదంటే తర్వాత "నేనూ అదే అనుకున్నా" అనేస్తారు. దారానికి రాయి కట్టి ఊపుతున్నాం, ఇంకా బరువైన రాయి కడితే ఊపు స్పీడవుతుందా అని అడగండి, సగం మందికి పైగా అవుతుందనే రాస్తారు. చేసి చూస్తే తేడా రాదు. దారం పొడవు మారిస్తేనే మారుతుంది: 25 సెంటీమీటర్ల దారమైతే పదిసార్లు వెళ్లి రావడానికి దాదాపు 10 సెకన్లు, మీటరు దారమైతే 20 సెకన్లు. తాము రాసింది తప్పయిందని చూసుకున్న పిల్లలు ఎందుకని వాళ్లే అడుగుతారు, మనం అడిగించక్కర్లేదు.

3. పేపర్ పురుగుల ఆట

న్యూస్‌పేపర్ నుంచి 60, ఎర్ర కాగితం నుంచి 60 చిన్న ముక్కలు ఒకే సైజులో కత్తిరించండి. నేల మీద న్యూస్‌పేపర్ పరిచి రెండు రకాలూ ముప్ఫై ముప్ఫై చల్లండి. అదే అడవి, ముక్కలు పురుగులు, నలుగురు పిల్లలు పక్షులు. పక్షి ఒక్కసారికి ఒక్క పురుగునే తీయాలి, తీసి వెనక్కి తిరిగి డబ్బాలో వేసి మళ్లీ రావాలి. మొత్తం 30 తీయగానే ఆపేయండి. మిగిలిన ప్రతి పురుగుకీ అదే రకం పిల్ల ఒకటి పక్కన పెట్టండి, మళ్లీ 60 అవుతాయి. ఇలా మూడు రౌండ్లు, ప్రతి రౌండ్ లెక్కా బోర్డు మీద రాయండి.

మూడో రౌండ్‌కి అడవి నిండా న్యూస్‌పేపర్ పురుగులే ఉంటాయి. అప్పుడు అడగండి, "ఒక్క ముక్కైనా రంగు మార్చుకుందా?" లేదు కదా, దొరకనివి మిగిలాయి, వాటికే పిల్లలు పుట్టాయి, అంతే. ఆ తర్వాత అడవి మార్చి ఎర్ర కాగితం పరవండి, లెక్క తిరగబడుతుంది. ఎర్రవి అప్పటికే ఒక్కటీ మిగలకపోతే మాత్రం ఇక తిరిగి రావు, అది పిల్లలే కనిపెట్టి చెప్పినప్పుడు నాకైతే భలే సంతోషం వేసింది.

4. ఫోన్‌ని కొలిచే పరికరంగా వాడండి

వీడియో చూపించడానికే ఫోన్ తీయడం అన్యాయం, దాన్లో ఎన్ని సెన్సర్లు ఉన్నాయో! జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వాటన్నిటినీ మన చేతికిస్తుంది. అందులో శబ్దానికి స్టార్ట్ అయ్యి ఇంకో శబ్దానికి ఆగే స్టాప్‌వాచ్ ఉంది. రెండు ఫోన్లలో అది ఓపెన్ చేసి సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోన్ పక్కనున్న పిల్ల ఒక చప్పట్టు కొడుతుంది, కాసేపాగి రెండో ఫోన్ పక్కనున్న పిల్లాడు ఇంకో చప్పట్టు. రెండు ఫోన్ల టైముల్లో తేడా దాదాపు 0.029 సెకన్లు వస్తుంది, అంటే శబ్దం ఒకసారి అటు, ఒకసారి ఇటు మొత్తం 10 మీటర్లు వెళ్లడానికి పట్టిన టైమ్. 10ని దాంతో భాగిస్తే సెకనుకి 345 మీటర్లు! చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి ఇంత చిన్న టైమ్ కొలవడం మన వల్ల కాదు.

ఒక జాగ్రత్త. మొదటిసారి మా క్లాసులో గుసగుసలకే వాచ్ స్టార్ట్ అయిపోయింది, అందుకే ఎంత గట్టి శబ్దానికి స్టార్ట్ కావాలో ఆ సెట్టింగ్ ముందే పెంచి పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి.

5. కంటికి కనపడనివాటికి సిమ్యులేషన్

తీగలో ఎలక్ట్రాన్లు కదలడం ఏ ల్యాబ్‌లోనూ చూపించలేం. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు, ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వాటిలోని సర్క్యూట్ కిట్ ఇచ్చి "రెండు బల్బులు పెట్టండి, ఒకటి తీసేసినా రెండోది వెలగాలి" అని మాత్రం చెప్పి ఊరుకోండి. సిరీస్ (బల్బులన్నీ ఒకే దారిలో), ప్యారలల్ (ఒక్కో బల్బుకి ఒక్కో దారి) అనే పేర్లు వాళ్లు కట్టాకే చెప్పండి. షార్ట్ సర్క్యూట్ చేసి బ్యాటరీకి మంట తెప్పిస్తారు, తెప్పించనివ్వండి, స్క్రీన్ మీదే కదా.

ఆటలంటే టైంపాస్ అని ఎవరైనా పెద్దవాళ్లు అడ్డుపడితే ఫోల్డిట్ గురించి చెప్పండి. ప్రోటీన్‌ని మడతపెట్టే ఆన్‌లైన్ ఆట అది, 2008లో వచ్చింది. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్‌కి చెందిన ఒక ఎంజైమ్ ఆకారం సైంటిస్టులకి ఏళ్ల తరబడి కొరుకుడు పడలేదు, దాన్ని ఈ ఆటగాళ్లు మూడు వారాల్లో తేల్చిన సంగతి 2011లో బయటికొచ్చింది.

6. ఆట ఆగాక పది నిమిషాలు మాట్లాడించండి

నలుగురికి ఒక ఫోన్ చాలు, ఒకరు కొలవడం, ఒకరు రాయడం, ప్రతి రౌండ్‌కీ పని మార్చండి, లేకపోతే చురుకైనవాడే ఫోన్ పట్టుకు కూర్చుంటాడు. ముందు ఊహించి రాసిన పేజీ తీయించి, ఏది మారింది, ఎందుకు మారిందని కింద రెండు లైన్లు రాయించండి. శబ్దం స్పీడు 345 బదులు 310 వచ్చిన గ్రూపుని తప్పు చేశారనొద్దు. టేపు సరిగ్గా పట్టారా, చప్పట్టు ఫోన్ పక్కనే కొట్టారా, ఎన్నిసార్లు కొలిచి సగటు తీశారు, ఇవన్నీ వాళ్లనే వెతకమనండి. గాలి వేడిని బట్టి కూడా ఈ స్పీడు మారుతుంది, 0 డిగ్రీల దగ్గర 331, 20 డిగ్రీల దగ్గర 343. కాబట్టి కుదిరితే చల్లటి పొద్దున ఒకసారి, మండే మధ్యాహ్నం ఒకసారి కొలిపించండి, ఇంత చిన్న తేడా దొరకాలంటే ఫోన్లని ఇంకా దూరం జరపాలా అని పిల్లలే వాదించుకుంటారు.