బోస్టన్ తీరంలో మంచు తుఫాను అంచనా – 4వ పాఠం: గాలి ఎటు నుంచి, తుఫాను ఎటు నుంచి

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చా కదా, బోస్టన్ దగ్గర ఈశాన్యం గాలి, ప్రెజర్ పడుతోంది, అల్పపీడనం ఎక్కడుందో మ్యాప్ మీద చుక్క పెట్టండి అని. వచ్చిన జవాబులన్నీ కూర్చుని చూశా. సగానికి పైగా మంది చుక్క తీసుకెళ్లి బోస్టన్‌కి ఈశాన్యంలో ఉన్న మెయిన్ రాష్ట్రం మీద పెట్టారు, "నార్ ఈస్టర్ (ఈ తీరానికి వచ్చే పెద్ద తుఫాను) అంటే ఈశాన్యం నుంచి వచ్చేదే కదండీ" అని పక్కన రాశారు కూడా. ఈ రోజు మంచు-వాన గీత, అంటే ఎక్కడిదాకా మంచు, ఎక్కడ్నుంచి వాన అని చెప్పే గీత, మొదలుపెడదాం అనుకున్నా, కానీ ఇది బుర్రలో దిగకుండా అది చెప్పినా దండగే, అందుకని పక్కన పెట్టేస్తున్నా.

తుఫాను ఈశాన్యం నుంచి రాదు, ఈశాన్యానికి పోతుంది. చాలాసార్లు కరోలినా, వర్జీనియా తీరం దగ్గర పుట్టి తీరం వెంబడే పైకి ఎక్కుతుంది. ఈశాన్యం నుంచి వచ్చేది గాలి, పేరు గాలిని బట్టి పెట్టారు. మనకిది కొత్త కాదసలు, నైరుతి రుతుపవనాలు అంటే నైరుతి నుంచి వచ్చే గాలి అని మూడో క్లాసు పిల్లాడు కూడా చెప్తాడు. ఇక్కడా అదే పద్ధతి.

సరే, అల్పపీడనం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి పక్కకి చాపండి, కాస్త ముందుకి జరపండి, అల్పపీడనం అటుంది. ఈశాన్యం గాలికి వీపు పెడితే మీ మొహం నైరుతికి ఉంటుంది, ఎడమ చెయ్యి ఆగ్నేయానికి పోతుంది, అంటే బోస్టన్‌కి కింద సముద్రం మీద. మెయిన్ కాదు. కాకినాడ బీచ్‌లో నిలబడి చేసినా ఇదే పని చేస్తుంది, రెండూ ఉత్తరార్ధగోళమే, రెండింటికీ తూర్పునే సముద్రం. దయచేసి కుర్చీలోంచి లేచి ఒకసారి చెయ్యండి, చదివితే వచ్చేది కాదు.

మ్యాప్ మీద గాలి గుర్తుల్లోనూ ఇదే తప్పు. గుర్తంటే ఒక పుల్ల, ఒక కొసన ఊరిని చూపే చుక్క, రెండో కొసన ఈకల్లాంటి గీతలు. ఈక ఉన్న కొసని బాణం మొన అనుకుంటున్నారు. ఈక ఉన్న వైపు నుంచి గాలి వస్తుంది, చుక్క వైపుకి పోతుంది. గాలి వేగం ఈకల్ని బట్టి: పొట్టి ఈక 5 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు), పొడుగు ఈక 10, త్రికోణం 50. అలాగే సముద్రంలో తేలుతూ గాలిని కొలిచే బోయ్ (buoy) రిపోర్టులో గాలి 40 డిగ్రీలు (ఉత్తరం సున్నా, అక్కడ్నుంచి తూర్పు వైపుకి లెక్క) అని ఉంటే 40 డిగ్రీల వైపు నుంచి వస్తోందని. "నుంచి", ఎక్కడ చూసినా "నుంచి"నే. నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద పెద్దక్షరాలతో రాస్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. గాలి ఒక్కసారి చూస్తే సరిపోదు, ఎటు తిరుగుతోందో చూడాలి. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, అక్కడ్నుంచి వాయవ్యానికి తిరిగితే అల్పపీడనం మీకు తూర్పున సముద్రం మీదుగా పోతున్నట్టు, మీరు చల్లని వైపు ఉన్నట్టు. అదే ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం అని తిరిగితే అది మీకు పడమరగా, నేల మీదుగా పోతోంది, వెచ్చని గాలి లోపలికొస్తోంది, తీరంలో చాలావరకు వానే.

నేనుండే క్విన్సీలో, బోస్టన్ పక్కనే, ఎదురింటి పోర్చికి ఒక జెండా ఉంటుంది. ఒక ఫిబ్రవరి సాయంత్రం 4 గంటలకి చినుకులు పడుతున్నాయి, జెండా నైరుతికి ఎగురుతోంది, అంటే గాలి ఈశాన్యం, సముద్రం మీద నుంచి వచ్చి గడ్డకట్టనివ్వట్లేదు. 6 అయ్యేసరికి జెండా దక్షిణానికి తిరిగింది, గాలి ఉత్తరాన ఉన్న న్యూహాంప్‌షైర్ రాష్ట్రం నేల మీద నుంచి రావడం మొదలైంది, పావుగంటలో వీధి దీపం కింద చినుకు కాస్తా మంచైంది. ఫోన్‌లో యాప్ అప్పటికింకా వాన బొమ్మే చూపిస్తోంది.

ఈ తీరంలో అంచనా వేసేవాళ్లందరికీ తెలిసిన ఒక చోటు ఉంది, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు, నాన్‌టకెట్ దీవికి దక్షిణంగా. అల్పపీడనం దాని మీదుగా పోతే బోస్టన్‌కి భారీ మంచు, బాగా లోపలిగా, అంటే తీరం వైపు, పోతే వాన, బాగా బయటికి, అంటే సముద్రం వైపు, పోతే మనకేమీ లేదు. అందుకే నేను వారం ముందొచ్చే మంచు అంగుళాల మ్యాపులు అసలు తెరవను. తుఫాను దగ్గరపడ్డాక 44008 నంబరు బోయ్ చూస్తా, అది ఆ చోటుకి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ గాలి ఉత్తరానికి తిరిగిందంటే తుఫాను దానికి బయటిగా పోతోంది, ఆగ్నేయానికి తిరిగిందంటే లోపలిగా. బోస్టన్ దగ్గరిది 44013, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తా.

కాస్త జరిగితే ఏమవుతుందో 2015 జనవరి 26, 27 చూడండి. న్యూయార్క్ సిటీకి 20 నుంచి 30 అంగుళాలు అన్నారు, సబ్‌వే కూడా ఆపేశారు, తుఫాను అనుకున్నదానికంటే తూర్పుగా జరిగింది, సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8. అదే తుఫానుకి బోస్టన్‌లో 24.6, బోస్టన్‌కి పడమరగా ఉన్న వూస్టర్‌లో 34.5.

టైము గురించి ఒక్క మాట. మ్యాపుల మీద ఉండే జెడ్ (Z) టైముకి, అంటే ప్రపంచమంతా వాడే గ్రీనిచ్ టైముకి, ఇండియా అలవాటు కొద్దీ 5:30 కలిపేస్తున్నారు. బోస్టన్‌కి చలికాలంలో 5 గంటలు తీసెయ్యాలి. 27వ తేదీ 00 జెడ్ అంటే బోస్టన్‌లో 26 రాత్రి 7.

అభ్యాసం. కొంచెం కష్టమే, కానీ ఇది చెయ్యకుండా వచ్చే పాఠంలోకి రావద్దు. అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖలోని వెదర్ ప్రెడిక్షన్ సెంటర్ పాత సర్ఫేస్ మ్యాపులు (నేల దగ్గరి గాలి, ప్రెజర్ చూపేవి) నెట్‌లో దొరుకుతాయి, 3 గంటలకొకటి. 2015 జనవరి 26న 12 జెడ్ నుంచి 28న 00 జెడ్ వరకు మొత్తం 13 మ్యాపులు తీస్కోండి. ప్రతి దాంట్లో ముందు అల్పపీడనం ఉన్న చోటు కాగితంతో మూసేసి, బోస్టన్ గాలి గుర్తు ఒక్కటే చూసి, చెయ్యి చాపి, ఎక్కడుందో రాయండి. తర్వాత కాగితం తీసి అసలు చోటు, ప్రెజర్ రాయండి. ఆఖర్న 24 గంటల్లో ప్రెజర్ ఎంత పడిందో లెక్కెయ్యండి. చాలా వేగంగా బలపడే తుఫానుని బాంబ్ అంటారు, అలా అనాలంటే 24 గంటల్లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 24 మిల్లీబార్లు (ప్రెజర్ కొలత) పడాలి, బోస్టన్ అక్షాంశానికి సుమారు 18.7 చాలు. పన్నెండో మ్యాపు దగ్గర మీ చుక్క, అసలు చుక్క ఎంత దూరంలో ఉన్నాయో నాకు మైళ్లలో పంపండి.